స్పీకర్‌కు తగ్గ ఆంప్: వాట్లు చివర చూద్దాం

వ్యాఖ్యాత: నమస్కారం. ఇంట్లో హై-ఫై సెట్ పెట్టుకునేవాళ్లకు ఏ స్పీకర్‌కు ఏ ఆంప్లిఫైయర్ నప్పుతుందో చెప్పడానికి ఆడియో నిపుణుడు మనతో ఉన్నారు. మొదటి కాల్ తీసుకుందాం. హలో, చెప్పండి.

మొదటి శ్రోత: హలో... హలో... వినిపిస్తోందా?

వ్యాఖ్యాత: మీ పక్కన రేడియో సౌండ్ కాస్త తగ్గించండి. మీ మాట మీకే తిరిగొస్తోంది.

మొదటి శ్రోత: తగ్గించాను. నమస్తే సార్. నా బుక్‌షెల్ఫ్ స్పీకర్ల మీద 100 వాట్లని ఉంది. ఆంప్ 40 వాట్లే. చిన్న ఆంప్ కదా, స్పీకర్లకేం కాదులే అనుకున్నా. సౌండ్ బాగా పెంచేసరికి ఒకవైపు ట్వీటర్, అదే సన్నని స్వరాలు పలికే చిన్న స్పీకర్, పోయింది. అదెలా సార్?

నిపుణుడు: చిన్న ఆంప్ కాబట్టే పోయిందండీ. స్పీకర్ వెనక ప్లేటు మీద సెన్సిటివిటీ ఎంతని ఉందో చదువుతారా?

మొదటి శ్రోత: ఒక్క నిమిషం సార్... 85 డీబీ, 2.83 వోల్ట్, 1 మీటర్. ఇంపీడెన్స్ 6 ఓమ్స్.

నిపుణుడు: ఇంపీడెన్స్ అంటే స్పీకర్ కరెంటుకు చూపే అడ్డు. మీరు ముందు చూడాల్సిన అంకె ఆ 85 డీబీ, అంటే డెసిబెల్స్, ధ్వని ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత. 2.83 వోల్టులిస్తే మీటరు దూరంలో 85 డెసిబెల్స్ వినిపిస్తాయని దానర్థం. స్పీకర్‌కూ మీకూ మధ్య దూరమెంత?

మొదటి శ్రోత: మూడు మీటర్లుంటుంది.

నిపుణుడు: ఆరుబయటైతే అంత దూరానికి తొమ్మిదిన్నర డెసిబెల్స్ తగ్గిపోతాయి. గదిలో గోడలు కొంత తిప్పిపంపుతాయి కాబట్టి ఆరు అనుకుందాం. స్పీకర్లు రెండున్నాయి, మూడు కలపండి. అంటే స్పీకర్‌కు ఆ 2.83 వోల్టుల దగ్గర, 8 ఓమ్స్ లెక్కలో ఒక వాట్ దగ్గర, మీ కుర్చీలో 82. 40 వాట్లంటే దానికి 16 డెసిబెల్స్ పైన, 98. అంతకు మించి మీ ఆంప్ ఇవ్వలేదు. పాట సగటున 85 దగ్గర నడుస్తున్నా డ్రమ్ దెబ్బ పడినప్పుడు 15 డెసిబెల్స్ ఎగురుతుంది. 100 కావాలి, 98కే ఆంప్ అయిపోయింది. మీరు ఇంకా పెంచారు.

మొదటి శ్రోత: పెంచితే అది మరీ గట్టిగా ఇవ్వలేదు కదా సార్?

నిపుణుడు: బేస్ ఇవ్వలేదు. అది అప్పటికే పైకప్పుకు తగిలి నిలిచిపోయింది. ట్రెబుల్ మాత్రం చిన్న సిగ్నల్, దానికింకా చోటుంది, మీరు నాబ్ తిప్పేకొద్దీ పెరుగుతూ పోయింది. దానికితోడు అలల కొనలు తెగి చదునయ్యాయి, వాటి నుంచి పుట్టే హార్మోనిక్స్, అంటే అదనపు పై స్వరాలు, కూడా ట్వీటర్ నెత్తినే పడతాయి. క్లిప్పింగ్ అంటే ఇదే. 40 వాట్ల ఆంప్ పూర్తిగా క్లిప్ అయితే దాదాపు 80 వాట్ల దాకా బయటికి తోస్తుంది. ట్వీటర్ కాయిల్ నిలకడగా తట్టుకునేది కొద్ది వాట్లే. ప్లేటు మీది 100 మొత్తం స్పీకర్‌కు, అదీ మామూలు సంగీతానికి రాసిన లెక్క. బేస్ నాబ్ కూడా పెంచారా?

మొదటి శ్రోత: ఫుల్లు సార్.

నిపుణుడు: చూశారా. బేస్ 10 డెసిబెల్స్ పెంచారంటే ఆ స్వరాల దగ్గర ఆంప్‌ని పదింతల పవర్ అడిగినట్టు. ఇప్పుడు ట్వీటర్ సంగతి. ఆంప్ ఆపి, ట్వీటర్ స్క్రూలు విప్పి, ఏ తీగ ఏ టెర్మినల్‌కు ఉందో ఫొటో తీసుకుని, ఒక తీగ ఊడదీసి మల్టీమీటర్ పెట్టండి. మూడు నుంచి ఏడు ఓమ్స్ చూపిస్తే కాయిల్ బాగానే ఉంది, తప్పు క్రాసోవర్‌లో, అంటే బేస్‌నూ ట్రెబుల్‌నూ విడదీసి పంచే సర్క్యూట్‌లో, వెతకాలి. ఏమీ చూపించకపోతే కాయిల్ తెగింది. అదే మోడల్ ట్వీటర్ వేయండి. సైజు సరిపోయిందని వేరేది వేస్తే క్రాసోవర్ లెక్క తప్పి రెండు స్పీకర్లూ రెండు రకాలుగా పాడతాయి.

మొదటి శ్రోత: అయితే 80 వాట్ల ఆంప్ కొనమంటారా?

నిపుణుడు: వద్దు. రెట్టింపు వాట్లకు మీకొచ్చేది మూడే డెసిబెల్స్. 90 డీబీ స్పీకర్లకు మారితే ఐదొస్తాయి, 40 వాట్ల ఆంప్‌ని 125 వాట్లు చేసినంత. డబ్బు ఖర్చు లేని దారి కావాలంటే కుర్చీ మీటరు ముందుకు జరపండి, రెండు డెసిబెల్స్ ఊరికే వస్తాయి. ఇంకోటి, నాబ్ సగమే తిప్పాను కదా అని ధైర్యపడకండి. రెండు వోల్టులిచ్చే సీడీ ప్లేయర్‌తో చాలా ఆంప్‌లు సగం తిరగకముందే పూర్తి పవర్ ఇచ్చేస్తాయి.

వ్యాఖ్యాత: రెండో కాల్. చెప్పండమ్మా.

రెండో శ్రోత: నమస్కారమండీ. మాది ఏడు చానళ్ల ఏవీ రిసీవర్, సినిమాలకూ పాటలకూ వాడే ఆంప్. హాల్లో ఒక జత స్పీకర్లు, డైనింగ్ వైపు ఒక జత, ఏ, బీ బటన్లు రెండూ ఆన్ చేస్తే పావుగంటలో ఆగిపోతోంది. ‘ప్రొటెక్ట్’ అని వస్తోంది. ఒక్కో చానల్‌కు 100 వాట్లని బాక్స్ మీద ఉందండీ.

నిపుణుడు: స్పీకర్లు ఎన్ని ఓమ్స్‌వమ్మా?

రెండో శ్రోత: హాల్లోవి 4, అటువైపువి 6.

నిపుణుడు: చాలా రిసీవర్లలో ఏ, బీ కలిపి నొక్కితే రెండు జతలూ ప్యారలల్‌లో, అంటే ఒకే అవుట్‌పుట్‌కు పక్కపక్కన, పడతాయి. 4, 6 కలిస్తే 2.4 ఓమ్స్. స్పీకర్ దగ్గర 20 వోల్టులుంటే 8 ఓమ్స్ రెండున్నర ఆంపియర్లు లాగుతుంది, 2.4 ఓమ్స్ ఎనిమిది దాటి లాగుతుంది. పైగా ఆ 4 అన్నది పేరుకు రాసే అంకె. ప్రమాణం ప్రకారం స్పీకర్ తన అంకెలో 80 శాతం వరకు దిగొచ్చు, అంటే 3.2 దాకా. రాసినదానికంటే ఇంకా కిందికి దిగే స్పీకర్లూ ఉన్నాయి. రిసీవర్ ఆగిపోవడం దాని లోపం కాదు, తనను తాను కాపాడుకుంటోంది.

రెండో శ్రోత: మరి 100 వాట్లు?

నిపుణుడు: అది ఎలా కొలిచారో బాక్స్ మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఒకే చానల్ నడిపి, 6 ఓమ్స్‌కు, 1 కిలోహెర్ట్జ్ దగ్గర, 10 శాతం డిస్టార్షన్‌తో, అంటే ధ్వని అంత చెడిపోయాక, కొలిచిన అంకెను పట్టించుకోకండి. రెండు చానళ్లు నడుస్తుండగా, 8 ఓమ్స్‌కు, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు, 0.1 శాతం లోపు డిస్టార్షన్‌తో ఇచ్చిన అంకె ఉంటే అది నమ్మొచ్చు.

రెండో శ్రోత: మెనూలో 4 ఓమ్స్ అని ఉంది, అది పెట్టనా?

నిపుణుడు: పెడితే చాలా రిసీవర్లు లోపలి వోల్టేజ్ తగ్గిస్తాయి. వేడి తగ్గుతుంది, పవరూ తగ్గుతుంది. రెండు జతలను మోయడానికి అది మందు కాదు. ఒకసారి ఒక జతే పెట్టుకోండి. రెండూ కావాలంటే రిసీవర్ జోన్-2 లేదా ప్రీ-అవుట్, అంటే మరో ఆంప్‌కు సిగ్నల్ ఇచ్చే సాకెట్ల, నుంచి విడిగా చిన్న స్టీరియో ఆంప్ పెట్టి రెండో జతను దానికివ్వండి. సిరీస్‌లో, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా, కలపమని ఎవరైనా చెబితే వినకండి, వేర్వేరు స్పీకర్లను అలా కలిపితే ఒక్కో స్వరం దగ్గర వోల్టేజ్ ఒక్కోలా పంచుకుని ధ్వని పాడవుతుంది. అన్నిటికంటే ముందు రిసీవర్ వెనక ఉన్న టెర్మినళ్లు చూడండి, తీగ పోచ ఒక్కటి బయటికొచ్చి పక్కదానికి తగిలినా ఇదే ‘ప్రొటెక్ట్’ వస్తుంది.

వ్యాఖ్యాత: ఒక మెసేజ్ కూడా ఉంది. ఐదు మీటర్లకు ఎలాంటి కేబుల్ వాడాలి?

నిపుణుడు: మామూలు రాగి తీగ, ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్లు. రానూపోనూ పది మీటర్లకు దాదాపు 0.12 ఓమ్సే, 4 ఓమ్స్ స్పీకర్‌కూ చాలు. అర చదరపు మిల్లీమీటరు తీగైతే మూడింతలు, అది వద్దు. తీగ మీద అంతకుమించి ఖర్చు పెట్టే బదులు ఆ డబ్బు స్పీకర్ల మీద పెట్టమంటాను.

మూడో శ్రోత: బాబూ, నమస్కారం. నా దగ్గర ట్యూబ్ ఆంప్, అంటే ట్రాన్సిస్టర్ల బదులు వాక్యూమ్ ట్యూబులతో నడిచేది, ఉంది. సింగిల్-ఎండెడ్ రకం, 8 వాట్లు. స్పీకర్లు 86 డీబీ. గాత్రం బాగుంటోంది, ఆర్కెస్ట్రా పెడితే ముద్దగా వినిపిస్తోంది.

నిపుణుడు: నమస్కారమండీ. పెద్దాయనా, ఫీడ్‌బ్యాక్, అంటే అవుట్‌పుట్‌ను వెనక్కి పంపి తప్పులు సరిదిద్దుకునే ఏర్పాటు, లేని ఆంపేనా అది?

మూడో శ్రోత: అంతే బాబూ.

నిపుణుడు: ఇందాకటి లెక్కే వేస్తే మీ కుర్చీ దగ్గర 92 దాటదు. గాత్రం సగటు 75లో నడిస్తే హాయిగా సరిపోతుంది, ఆర్కెస్ట్రా ఎగిరే చోట చాలదు. రెండో చిక్కు, అలాంటి ఆంప్‌కు అవుట్‌పుట్ ఇంపీడెన్స్, అంటే ఆంప్ సొంత అడ్డు, రెండు మూడు ఓమ్స్ ఉంటుంది. స్పీకర్ ఒక స్వరం దగ్గర 4, ఇంకో స్వరం దగ్గర 20 ఓమ్స్ ఉందనుకోండి. రెండు ఓమ్స్ ఆంప్‌తో ఆ రెండు చోట్లకూ మధ్య దాదాపు 2.7 డెసిబెల్స్ తేడా వస్తుంది. ఆంప్ మీ స్పీకర్‌కు టోన్ కంట్రోల్ పెట్టినట్టే. ఆంప్ వెనక 4, 8 అని ఉండే ట్యాప్‌లలో ఇప్పుడు స్పీకర్ దేనికి తగిలించారు?

మూడో శ్రోత: 8కి.

నిపుణుడు: 4 ట్యాప్ మీద ఒకసారి వినండి. పవర్ కొంచెం తగ్గొచ్చు గానీ బేస్ బిగుస్తుంది. మార్చేముందు ఆంప్ తప్పనిసరిగా ఆపాలి. స్పీకర్ లేకుండా ట్యూబ్ ఆంప్‌కి సిగ్నల్ ఇస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజ్ ఎగసి ఇన్సులేషన్ కాలిపోవచ్చు. ఎప్పుడైనా స్పీకర్లు మారిస్తే 95 డీబీకి తగ్గకుండా, ఇంపీడెన్స్ పెద్దగా ఊగనివి చూడండి.

వ్యాఖ్యాత: చివరి కాల్.

నాలుగో శ్రోత: సార్, పాత ట్రాన్సిస్టర్ ఆంప్ కొన్నాను. స్పీకర్లు తగిలించేముందు అవుట్‌పుట్ దగ్గర డీసీ వోల్టేజ్ కొలవమని ఎవరో చెప్పారు. ఇన్‌పుట్ ఏమీ పెట్టకుండా, వాల్యూమ్ సున్నాలో పెట్టి, పది నిమిషాలు ఆన్‌లో ఉంచి కొలిచా. ఎడమవైపు 18 మిల్లీవోల్టులు, కుడివైపు 1.9 వోల్టులు.

నిపుణుడు: మంచి పని చేశారు. 50 మిల్లీవోల్టుల లోపైతే నిశ్చింత, 100 దాటితే మెకానిక్‌కు చూపించాలి. 1.9 అంటే 6 ఓమ్స్ స్పీకర్‌లో ఎప్పుడూ 0.3 ఆంపియర్ల కరెంటు. పాట లేకపోయినా బేస్ పలికే వూఫర్ కోన్ ఒక పక్కకు జరిగే ఉంటుంది, కాయిల్ వేడెక్కుతుంది, ఆంప్ వేడెక్కేకొద్దీ ఆ వోల్టేజ్ ఇంకా పెరగొచ్చు.

నాలుగో శ్రోత: ఎడమవైపు ఒక్కటీ తగిలించి వినొచ్చా?

నిపుణుడు: వినొచ్చు. కుడివైపు మాత్రం ఆఫ్‌సెట్ ప్రీసెట్, అంటే ఆ డీసీని సరిచేసే చిన్న స్క్రూ, ఇన్‌పుట్ దగ్గరి ట్రాన్సిస్టర్ల జత చూపించి, మళ్లీ కొలిచి 50 లోపు వచ్చాకే స్పీకర్ తగిలించండి.