కడుపు ఆమెది, సంతకం ఎవరిది?

శ్రోతలకు నమస్కారం.

2012 అక్టోబర్ 21న ఐర్లండ్‌లోని గాల్వే నగరంలో ఒక అమ్మాయి నడుంనొప్పితో ఆస్పత్రికి వెళ్లింది. పేరు సవితా హలప్పనవర్. మన పక్క రాష్ట్రం కర్ణాటక నుంచి వెళ్లిన పళ్ల డాక్టరు. వయసు 31. పదిహేడో వారం గర్భం. ఆ అర్ధరాత్రి దాటాక ఉమ్మనీరు పోయింది. బిడ్డ నిలవదని డాక్టర్లే చెప్పారు. ఎలాగూ నిలవదంటున్నారు కదా, అబార్షన్ చేసెయ్యండి అని ఆమె అడిగింది. లోపల ఇంకా గుండె కొట్టుకుంటోంది, చట్టం ఒప్పుకోదు అన్నారు. ‘ఇది కేథలిక్ దేశం’ అని ఒక మిడ్‌వైఫ్ అంది. ఆ మాట తాను అన్నది నిజమేనని తర్వాత విచారణలో ఆమే ఒప్పుకుంది. 24న పిండం గుండె ఆగింది. అప్పటికే సవిత ఒంట్లో ఇన్ఫెక్షన్ పాకిపోయింది. 28న ఆమె చనిపోయింది.

ఇన్ఫెక్షన్‌ని సకాలంలో పట్టుకోకపోవడం కూడా కారణమేనని విచారణలు తేల్చాయి. ఆ మాట చెప్పకపోతే అన్యాయమే అవుతుంది. కానీ ఇదే అమ్మాయి అప్పుడు బెళగావిలో పుట్టింట్లో ఉండి ఉంటే, ఆమె అడిగింది చెయ్యడానికి ఏ డాక్టరుకీ చట్టం అడ్డొచ్చేది కాదు. అదే మనిషి, అదే కడుపు, అదే ప్రమాదం. దేశం ఒక్కటే వేరు. ఇవాళ నేను మాట్లాడదామనుకున్నది ఆ తేడా గురించే. మన ఇళ్లలో ఈ విషయం వంటింట్లో గొంతు తగ్గించి మాట్లాడుకుంటాం. ఇక్కడ మామూలు గొంతుతోనే మాట్లాడుకుందాం.

ఐర్లండ్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. 1983లో అక్కడి ప్రజలే ఓటేసి, తల్లి ప్రాణానికీ కడుపులో ఉన్న ప్రాణానికీ సమానమైన హక్కు ఉందని రాజ్యాంగంలో రాసుకున్నారు. అంటే, తల్లి చావు అంచుకు వచ్చిందని రూఢి అయితే తప్ప డాక్టరు చెయ్యి వెయ్యడానికి వీల్లేదు. మరి ఆ దేశంలో అబార్షన్లు ఆగాయా? లేదు. ఐరిష్ ఆడవాళ్లు ఓడెక్కి, విమానమెక్కి ఇంగ్లండు వెళ్లారు. 1980 తర్వాత అక్కడి క్లినిక్కుల్లో ఐర్లండ్ చిరునామా రాయించుకున్నవాళ్లే లక్షన్నరకు పైగా ఉన్నారు. 1992లో ఇంకో వింత జరిగింది. గర్భిణి వేరే దేశం వెళ్లడాన్ని అడ్డుకోకూడదని మళ్లీ ఓటేసి అదే రాజ్యాంగంలో చేర్చారు. మా గడ్డ మీద వద్దు, సముద్రం దాటి చేయించుకుని రండి అన్నట్టే కదా. టిక్కెట్టుకు డబ్బున్నవాళ్లు వెళ్లొచ్చారు. లేనివాళ్లు, వీసా చిక్కులున్నవాళ్లు, సవితలాగా ఆస్పత్రి మంచం మీద ఉన్నవాళ్లు ఎక్కడికి వెళ్తారు?

సవిత చావుతో ఆ దేశం కదిలింది. ఊరూరా కొవ్వొత్తులు పట్టుకుని రోడ్డెక్కారు. 2018 మే 25న మళ్లీ ఓటింగ్ పెట్టారు. ఆ ఓటు కోసం విదేశాల్లో ఉన్న ఐరిష్ యువత విమానాలెక్కి మరీ ఇంటికొచ్చింది. 66.4 శాతం మంది పాత నిబంధన తీసెయ్యమన్నారు. నియోజకవర్గాలన్నిటిలో డొనెగల్ ఒక్కటే కాదంది. డబ్లిన్‌లో ఒక గోడ మీద సవిత బొమ్మ గీస్తే, జనం చీటీల మీద ‘క్షమించు’ అని రాసి ఆ గోడకు అంటించి వెళ్లారు. 2019 జనవరి నుంచి అక్కడ 12 వారాల వరకు కారణం చెప్పక్కర్లేకుండా అబార్షన్ చేయించుకోవచ్చు.

ఇంత జరిగినా యూరప్ దేశాలన్నీ అదే దారిన నడవలేదు. పోలండ్‌లో 1956 నుంచి అబార్షన్‌కు వీలుండేది. 1993లో గట్టిగా బిగించారు. 2020 అక్టోబర్‌లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం, పిండానికి తీవ్రమైన లోపం ఉన్నా సరే అబార్షన్ కుదరదంది. మరుసటి ఏడాది ప్ష్చినా అనే ఊళ్లో ముప్ఫై ఏళ్ల గర్భిణికి 22వ వారంలో ఉమ్మనీరు పోయింది. పిండం గుండె ఆగేదాకా డాక్టర్లు వేచి చూశారు. ఆమె సెప్సిస్‌తో, అంటే ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి, చనిపోయింది. గాల్వేలో జరిగిందే తొమ్మిదేళ్ల తర్వాత మళ్లీ జరిగింది. చట్టంలో తల్లి ప్రాణానికి మినహాయింపు ఉంది కదా అంటారు. ఉంది. కానీ జైలు భయం ఉన్న డాక్టరు, ఆమె ప్రాణం ఇంకా అంత ప్రమాదంలో పడలేదేమో అని గంటలు లెక్కపెడుతూ కూర్చుంటాడు. ఆ గంటల్లోనే ప్రాణం పోతుంది.

ఇక రొమేనియా. ఈ విషయం మీద చదివిన వాటిలో నన్ను ఎక్కువ కాలం వెంటాడిన దేశం ఇదే. ఇక్కడ మతం కాదు, ప్రభుత్వం. నియంత చౌషెస్కు తన దేశ జనాభా పెంచాలనుకున్నాడు. 1966లో 770వ నంబరు డిక్రీ, అంటే ప్రభుత్వ ఆజ్ఞ, తెచ్చాడు. 45 ఏళ్లు దాటిన వాళ్లకు, నలుగురు పిల్లల్ని కన్నవాళ్లకు, ఇంకా ఒకటి రెండు ప్రత్యేక సందర్భాల్లో తప్ప అబార్షన్ నేరం. గర్భనిరోధక సాధనాలు దొరకడమే గగనమైపోయింది. 1967లో పుట్టిన పిల్లల సంఖ్య ముందు ఏడాదితో పోలిస్తే దాదాపు రెట్టింపు. పని అయిందనుకున్నారు. రెండు మూడేళ్లలో జనం దొంగదారులు వెతుక్కున్నారు, జననాలు మళ్లీ తగ్గాయి. దాంతో ప్రభుత్వం ఇంకా బిగించింది. 1980ల్లో ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్లను వరసగా నిలబెట్టి గర్భ పరీక్షలు చేయించింది. పిల్లలు లేనివాళ్ల మీద పన్నూ ఉండేది. అబార్షన్ వికటించి రక్తం పోతూ ఆస్పత్రికొచ్చిన మనిషిని, ముందు ఎవరు చేశారో చెప్పమని పోలీసులు నిలదీసిన సందర్భాలున్నాయి.

ఆ ఇరవై మూడేళ్లలో చాటుమాటు అబార్షన్ల వల్ల చనిపోయిన ఆడవాళ్లు పదివేల దాకా ఉంటారని అంచనా. వాళ్లలో చాలామందికి ఇంట్లో అప్పటికే పిల్లలున్నారు. పెంచలేక వదిలేసిన పిల్లలతో అనాథాశ్రమాలు నిండిపోయాయి. 1989 డిసెంబర్‌లో రోడ్లెక్కి ఆ ప్రభుత్వాన్ని కూలదోసిన యువతలో, ఆ డిక్రీ వల్ల పుట్టిన తరం పిల్లలే ఎంతోమంది. డిసెంబర్ 25న చౌషెస్కును కాల్చి చంపారు. 26న డిక్రీ రద్దయింది. కొత్త ప్రభుత్వం మొట్టమొదట చేసిన పనుల్లో అదొకటి. ఒక్క ఏడాదిలో ప్రసూతి మరణాలు దాదాపు సగానికి పడిపోయాయి. ఏ మందూ కొత్తగా కనిపెట్టలేదు, ఆస్పత్రులు కొత్తగా కట్టలేదు. చట్టం ఒక్కటి మారింది, అంతే.

చైనా దీనికి తలకిందులు. ఒకే బిడ్డ విధానం నడిచిన కాలంలో, రెండో కడుపు వచ్చిన ఆడవాళ్లకు అధికారులు బలవంతంగా అబార్షన్లు చేయించారు. రొమేనియాలో కనమని పోలీసులు, చైనాలో కనొద్దని అధికారులు. ఆడదాన్ని అడిగినవాడు రెండు చోట్లా లేడు.

అబార్షన్ వద్దనేవాళ్లను నేను తక్కువ చేసి మాట్లాడను. కడుపులో పడ్డ క్షణం నుంచీ అది ప్రాణమేనని మనస్ఫూర్తిగా నమ్మేవాళ్లు కోట్ల మంది ఉన్నారు. భ్రూణహత్య మహాపాపమని మన పెద్దలూ చెప్పారు. ఆ నమ్మకంతో ఒక తల్లి ఎంత కష్టమైనా కంటానంటే, ఆ నిర్ణయానికి చేతులెత్తి దండం పెట్టాలి. జపాన్‌లో అబార్షన్ 1948 నుంచి చట్టబద్ధం. అయినా పుట్టకుండా పోయిన బిడ్డల కోసం అక్కడి గుళ్లలో చిన్న చిన్న రాతి విగ్రహాలు పెట్టి, ఎర్ర టోపీలు తొడిగి, మొక్కుకుంటారు. చేయించుకున్నామన్న బాధ, అది తప్పలేదన్న ఎరుక, రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చని ఆ గుళ్లు చూస్తే తెలుస్తుంది. అదే జపాన్‌లో ఈనాటికీ పెళ్లైన స్త్రీ అబార్షన్‌కు భర్త సమ్మతి ఉండాలని చట్టంలో ఉంది.

అమెరికా గురించి మనవాళ్లకు బాగానే తెలుసు, ఎందుకంటే ప్రతి వీధిలోనూ ఒక ఇంటి బిడ్డ అక్కడుంది. 1973లో రో వర్సెస్ వేడ్ తీర్పుతో దేశమంతటా వచ్చిన హక్కు, 2022 జూన్ 24న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేయడంతో పోయింది. ఎవరి రాష్ట్రం వాళ్ల ఇష్టం అయింది. మన తెలుగువాళ్లు డాలస్, హ్యూస్టన్‌లలో ఎంతమంది ఉన్నారో మీకు చెప్పక్కర్లేదు. ఆ టెక్సస్‌లో ఇప్పుడు అత్యాచారం వల్ల వచ్చిన గర్భానికి కూడా మినహాయింపు లేదు. అబార్షన్ చేసిన డాక్టరుకు యావజ్జీవం దాకా శిక్ష పడొచ్చు. కూతురు పురిటికని టెక్సస్ వెళ్లే అమ్మలు, నాన్నలు ఈ సంగతి తెలుసుకుని వెళ్లడం మంచిది. భయపెట్టడానికి చెప్పడం లేదు. గర్భం మధ్యలో ఏదైనా వికటిస్తే ఏ ఆస్పత్రికి వెళ్లాలి, అవసరమైతే ఏ రాష్ట్రానికి వెళ్లాలి అని ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి.

ఇక మన చుట్టుపక్కలకు వద్దాం. 1860లో బ్రిటిష్‌వాళ్లు మనకు రాసిచ్చిన శిక్షాస్మృతిలో, 312వ సెక్షన్ కింద గర్భం తీసేయడం నేరంగా ఉండేది, తనంతట తాను తీసేసుకున్న ఆడదీ నేరస్థురాలే. ఇంగ్లండు 1967లో తన చట్టం సడలించుకుంది. బంగ్లాదేశ్ మాత్రం ఆ పాత సెక్షన్‌ను అలాగే ఉంచుకుంది, కాకపోతే ఒక ఉపాయం చేసింది. నెల తప్పిన తొలి వారాల్లో, గర్భమో కాదో తేల్చకుండానే నెలసరి సరిచేస్తాం అని 1979 నుంచి ప్రభుత్వమే కుటుంబ నియంత్రణ కింద ఆ సేవ అందిస్తోంది. నేపాల్‌లో అయితే 2002 దాకా అబార్షన్ చేయించుకున్న ఆడవాళ్లు జైళ్లలో మగ్గారు. అదే నేపాల్‌లో 2009లో సుప్రీంకోర్టు, డబ్బు లేదన్న కారణంతో ఏ ఆడదానికీ ఈ సేవ అందకుండా పోకూడదని తీర్పు చెప్పింది. ఫీజు కట్టలేక ఆరో కాన్పు కనాల్సి వచ్చిన ఒక పేదరాలి కేసు అది. ఇవాళ అక్కడ ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం. ఏడేళ్లలో అంత దూరం నడిచిన దేశం మన పక్కనే ఉంది.

మన సంగతి? శాంతిలాల్ షా కమిటీ సిఫార్సులతో 1971లో ఎంటీపీ చట్టం, అంటే డాక్టరు చేత గర్భం తీయించుకోవడానికి వీలిచ్చే చట్టం, వచ్చింది. 2021లో సవరించారు. 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య, అత్యాచార బాధితులు, మైనర్లు, గర్భంతో ఉండగా భర్త పోయినవాళ్లు, విడాకులైనవాళ్లు ఇలా కొందరికి ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో వీలుంది. 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు పెళ్లికాని అమ్మాయికీ పెళ్లైనావిడకీ ఇందులో తేడా చూపకూడదంది. ప్రపంచంలో చాలా దేశాలకన్నా మనది మెరుగైన చట్టమే. అయితే ఇందులో ఒక లోటుంది. తుది మాట డాక్టరుది. నాకు వద్దు అని ఆమె అంటే చాలదు, ఎందుకు వద్దో డాక్టరుకు నచ్చజెప్పాలి.

చట్టం ఇలా ఉంటే మన ఊళ్లలో వాడకం ఇంకోలా ఉంది. అమ్మాయి ఒంటరిగా వెళ్తే ముందు అడిగేది ‘పెళ్లైందా?’ అని. పెళ్లైందంటే ‘మీ ఆయన్ని తీసుకురా, సంతకం కావాలి’ అంటారు. ఈ సంతకం గురించి శ్రోతలు శ్రద్ధగా వినాలి. అబార్షన్‌కు సమ్మతి తెలిపే కాగితం ఒకటుంది, ఫారం సి అంటారు. అర పేజీ ఉంటుంది. పేరు, ఫలానావారి కుమార్తె లేదా భార్య, వయసు, శాశ్వత చిరునామా, ఇప్పుడున్న చిరునామా, నా గర్భం తొలగించడానికి నా సమ్మతి తెలుపుతున్నాను, స్థలం, తేదీ, సంతకం. అంతే. భర్త సంతకానికి ఆ కాగితం మీద చోటే లేదు. అమ్మాయికి 18 నిండకపోతేనో, మానసిక స్థితి సరిగా లేకపోతేనో మాత్రం గార్డియన్ సంతకం చెయ్యాలి. పద్దెనిమిది దాటిన ఏ ఆడదానికైనా ఆమె సంతకం ఒక్కటే చాలు. మొగుడిది, అత్తగారిది, తండ్రిది, ఎవరిదీ అక్కర్లేదు. యాభై ఏళ్లు దాటిన చట్టంలో ఈ ముక్క ఇంకా మన ఆస్పత్రి కౌంటర్ల దాకా రాలేదంటే నాకు కోపం వస్తుంది.

తెలియకపోవడం వల్ల ఏమవుతోంది? ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికో, మెడికల్ షాపుకో వెళ్తున్నారు. 2015లో మన దేశంలో జరిగిన అబార్షన్లు కోటీ 56 లక్షలని ఒక పెద్ద పరిశోధన అంచనా వేసింది. వాటిలో దాదాపు నాలుగింట మూడొంతులు ఆస్పత్రి గడప తొక్కకుండా మాత్రలతోనే జరిగాయి. ఆ మాత్రలు మంచివే. కానీ ఎన్నో వారమో తెలియకుండా, గర్భం ట్యూబులో ఉందో గర్భసంచిలో ఉందో చూపించుకోకుండా వేసుకుంటే ప్రాణం మీదకొస్తుంది. గంటకు రెండు ప్యాడ్లు తడిసేంత రక్తం పోతుంటే వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి, సిగ్గుపడి ఇంట్లో కూర్చోకూడదు.

ఆడపిల్లని తెలిసి తీయించేసే ఘోరం వేరే ఉంది. 2011 జనాభా లెక్కల్లో, ఆరేళ్లలోపు మగపిల్లలు వెయ్యిమందికి ఆడపిల్లలు 919 మందే. స్కానింగ్‌లో ఆడో మగో చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం, అలాగే ఉండాలి. కానీ ఆ చట్టానికీ ఈ చట్టానికీ ముడిపెట్టి, అబార్షన్ అంటేనే నేరమనుకుని భయపడే డాక్టర్లు, మాత్రలు అమ్మడం మానేసిన షాపులవాళ్లు ఉన్నారు. నిజానికి చాలా ఇళ్లలో, ఆడపిల్ల వద్దు తీయించెయ్యి అని ఒత్తిడి చేసేదీ, ఈ కడుపు నాకొద్దు అని ఆమె అంటే కుదరదనేదీ ఒకే మనుషులు.

పెళ్లికాని పిల్లలకు ఎక్కువగా ఉండే టెన్షన్, ఊళ్లో తెలిసిపోతుందేమోనని. పక్క జిల్లాకు పోయి, దొంగపేరు చెప్పి చేయించుకుంటారు. వాళ్లకూ, వాళ్ల అమ్మలకూ ఒక సంగతి చెప్పి సెలవు తీసుకుంటాను. 2021 సవరణలో 5ఎ అని ఒక సెక్షన్ చేర్చారు. అబార్షన్ చేయించుకున్న మనిషి పేరూ వివరాలూ, చట్టం అనుమతించినవాళ్లకు తప్ప డాక్టరు మరెవరికీ చెప్పకూడదు. చెబితే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

నమస్కారం.