హుక్కు ఎక్కడ వేయాలి? నిర్మాణ కార్మికుల భద్రతా శిక్షణపై ఒక వివరణ

[దృశ్యం: ఉదయం ఎనిమిది గంటలు. హైదరాబాద్ పడమటి శివారులో కడుతున్న బహుళ అంతస్తుల భవనం. గేటు దగ్గర కొత్తగా వచ్చిన పదిహేను మంది కూలీలు, వారి వెంట మేస్త్రీ.]

నమస్కారం. కోకాపేట, నార్సింగి వైపు వెళితే ఎటు చూసినా క్రేన్లే కనిపిస్తాయి. ఇటువంటి నిర్మాణాలలో కొత్తగా పనికి వచ్చిన కూలీకి మొదటి రోజు ఇచ్చే శిక్షణ చాలా చోట్ల ఒకే తీరుగా ఉంటుంది. రేకుల షెడ్డులో కూర్చోబెట్టి ఒక వీడియో చూపిస్తారు, హెల్మెట్టు, బూట్లు, సేఫ్టీ బెల్టు చేతికిస్తారు, రిజిస్టరులో సంతకమో వేలిముద్రో తీసుకుంటారు. మధ్యాహ్నానికల్లా ఆ మనిషి పరంజా మీద ఉంటాడు. ఆ వేలిముద్ర పడేనాటికి అతని చేతులు ఏమి నేర్చుకున్నాయన్నదే ఈ వీడియోలో మనం పరిశీలించబోయే విషయం.

సేఫ్టీ బెల్టుతోనే, అంటే భుజాలకూ తొడలకూ పట్టీలుండే హార్నెస్‌తోనే, మొదలుపెడదాం. నిర్మాణ రంగంలో ప్రాణాలు తీసే ప్రమాదాలలో ఎత్తు నుంచి పడిపోవడం ముందు వరుసలో ఉంటుంది. పెద్ద సైట్లలో బెల్టు పెట్టుకోవాలని తెలియని కూలీ ఇప్పుడు అరుదు. కానీ ఆ బెల్టు తాడుకున్న హుక్కును ఎక్కడ వేయాలో, అక్కడే ఎందుకు వేయాలో చెప్పమంటే చాలామంది ఆగిపోతారు. వారికి ఎవరూ ఆ లెక్క చూపించలేదు. ఇప్పుడు చూద్దాం.

[దృశ్యం: పరంజా మీద నిలుచున్న మనిషి బొమ్మ. పాదాలు, వీపు మీది రింగు, హుక్కు, కింది స్లాబు. కొలతలు ఒక్కొక్కటిగా తెర మీదికి వస్తాయి.]

బెల్టు తాడు పొడవు సాధారణంగా 1.8 మీటర్లు. ఆ తాడు బెల్టుకు కలిసే రింగు వీపు మీద, పాదాల నుంచి సుమారు 1.5 మీటర్ల ఎత్తులో ఉంటుంది. వంగి పని చేసేటప్పుడు అందుబాటులో ఉందని హుక్కును పాదాల దగ్గరి పైపుకు వేసిన మనిషి జారాడనుకోండి. తాడు బిగుసుకోవాలంటే ఆ రింగు ముందు 1.5 మీటర్లు దిగి హుక్కు మట్టానికి రావాలి, అక్కడి నుంచి తాడు పొడవంతా, అంటే మరో 1.8 మీటర్లు, దిగాలి. మొత్తం 3.3 మీటర్లు ఏ అడ్డూ లేకుండా పడిపోవడమన్నమాట. దీనికి ఒక్క సెకను కూడా పట్టదు. కుదుపును తగ్గించడానికి తాడుకు అమర్చిన షాక్ అబ్జార్బరు కుట్లు విప్పుకుంటూ మరో మీటరు సాగిందంటే, పాదాలు అంతకుముందు నిలుచున్న చోటికి 4.3 మీటర్ల కిందికి చేరతాయి. స్లాబుకూ స్లాబుకూ మధ్య ఎత్తు దాదాపు 3 మీటర్లే. బెల్టు పెట్టుకుని, హుక్కు కూడా వేసుకున్న మనిషి తాడు ఆపేలోపే కింది స్లాబును ఢీకొంటాడు.

[దృశ్యం: అదే బొమ్మ. ఈసారి హుక్కు తలపైన, పాదాల నుంచి 2 మీటర్ల ఎత్తులో అడ్డంగా కట్టిన గట్టి తాడుకు, అంటే లైఫ్‌లైనుకు ఉంది.]

అదే హుక్కును తలకు పైన వేస్తే అది రింగుకు అర మీటరు పైన ఉంటుంది కాబట్టి, తాడు బిగుసుకునేలోపు మనిషి దిగేది 1.3 మీటర్లు. కుదుపు తక్కువ, పాదాలు నేలకు అందవు. బెల్టు అదే, తాడు అదే, హుక్కు వేసిన చోటు మాత్రమే మారింది. అయితే ఆ చోటు గట్టిది కూడా అయి ఉండాలి. తాళ్ళతో కట్టిన పరంజా అడ్డకర్ర మనిషి బరువును నిలబెడుతుంది గానీ, పడుతున్న మనిషి కుదుపును ఆపలేదు.

దీన్ని షెడ్డులో బొమ్మలతో చెబితే వినేవారికి సగమే ఎక్కుతుంది. డెబ్బై, ఎనభై కిలోల ఇసుక నింపిన బస్తాకు బెల్టు తొడిగి, చుట్టూ కంచె కట్టిన చోట మూడు మీటర్ల ఎత్తు నుంచి అందరూ చూస్తుండగా వదలాలి. మొదట హుక్కును కింద వేసి, తరువాత పైన వేసి. బస్తా నేలను తాకిన శబ్దం విన్న మనిషి మరుసటి రోజు హుక్కు వేసేటప్పుడు తల పైకెత్తి చూస్తాడు. ఆ తరువాత ఒక్కొక్కరూ తమ బెల్టు తామే తొడుక్కుని, తక్కువ ఎత్తున్న పరంజా మీద రెండు హుక్కుల తాడుతో నడవాలి. ఒక హుక్కు తీసే ముందు రెండోది వేసి ఉండాలన్న అలవాటు నడిస్తేనే చేతికి వస్తుంది.

ఇంకొక సంగతిని దాదాపు అందరూ వదిలేస్తున్నారు. పడి, బెల్టుకు వేలాడుతున్న మనిషిని నిమిషాల్లో కిందికి దించాలి. తొడల పట్టీల మధ్య కదలకుండా వేలాడితే కాళ్ళలో రక్తం నిలిచిపోయి, స్పృహ తప్పి, ప్రాణానికే ముప్పు వస్తుంది. ఎవరు దించాలి, ఏ నిచ్చెనతో, ఏ తాడుతో అన్నది శిక్షణలో ఒకసారైనా చేసి చూపకపోతే ప్రమాదం జరిగిన రోజు అందరూ కింద నిలబడి పైకి చూస్తుంటారు.

[దృశ్యం: కూలీల గుంపు. ఒక శిక్షకుడు మాట్లాడుతున్నాడు, కొందరు అర్థం కానట్టు ఒకరినొకరు చూసుకుంటున్నారు.]

ఇక భాష సంగతి. హైదరాబాద్ సైట్లలో పాలమూరు, శ్రీకాకుళం వారి పక్కనే ఒడిశా, బీహార్, ఝార్ఖండ్, ఛత్తీస్‌గఢ్, బెంగాల్ నుంచి వచ్చినవారు పని చేస్తుంటారు. హిందీ అందరికీ వస్తుందని అనుకోవడం సైటు ఆఫీసుకు సౌకర్యం. బజారులో బేరమాడేంత హిందీ వచ్చిన ఒడియా కూలీకి "లోడు", "ఎర్తింగు" గురించి చెప్పే హిందీ అర్థం కావాలని లేదు. అమెరికాలో కార్మిక భద్రతను చూసే ఓషా, కార్మికుడికి అర్థమయ్యే భాషలో, అర్థమయ్యే మాటలతో ఇచ్చినదే శిక్షణగా లెక్కకు వస్తుందని 2010లో తన తనిఖీ అధికారులకు స్పష్టం చేసింది. మన దగ్గర దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. ప్రతి జట్టులోనూ రెండు భాషలు వచ్చినవారు ఒకరిద్దరు ఉంటారు, వారిని పక్కన నిలబెట్టుకుంటే చాలు. "అర్థమైందా?" అని అడిగితే అందరూ తల ఊపుతారు కాబట్టి, "మీ జట్టులోకి రేపు కొత్తగా వచ్చేవాడికి ఇది నువ్వు ఎలా చెబుతావు?" అని అడిగి వినాలి.

నిజానికి కూలీ కంటే ముందు శిక్షణ అందవలసినది మేస్త్రీకి. భద్రతాధికారి రోజుకు ఒకసారి అటుగా వస్తాడు, మేస్త్రీ రోజంతా పక్కనే ఉంటాడు. కూలీని ఊరి నుంచి తెచ్చినది, అడ్వాన్సు ఇచ్చినది, రేపు పని ఉందో లేదో చెప్పేది ఆయనే. సెంట్రింగు జట్టుకు చదరపు అడుగుల లెక్కన డబ్బు ముడుతున్నప్పుడు, "హుక్కు మార్చుకుంటూ కూర్చుంటే ఈ స్లాబు ఎప్పటికి తేలుతుంది?" అన్న ఒక్క మాట ఉదయం ఇచ్చిన శిక్షణనంతా తుడిచేస్తుంది. అందుకే మేస్త్రీల శిక్షణ వేరుగా, ఎక్కువ రోజులు జరగాలి. శిక్షణ గంటలకు జట్టు మొత్తానికి కూలి కట్టివ్వాలి. గల్ఫ్ నిర్మాణాలలో ఏళ్ళ తరబడి పని చేసి కరీంనగర్‌కో నిజామాబాద్‌కో తిరిగి వచ్చినవారిలో, పని మొదలయ్యే ముందు పది నిమిషాలు నిలబడి ఆ రోజు ప్రమాదాల గురించి మాట్లాడుకునే పద్ధతికి అలవాటు పడినవారున్నారు. వారిని శిక్షకులుగా తీసుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం.

[దృశ్యం: సెల్లార్ కోసం తవ్విన లోతైన గుంత. అంచునే పోసిన మట్టి కుప్ప.]

తవ్వకం దగ్గర నేర్పవలసినది తక్కువే, కానీ అది తప్పనిసరి. 1.5 మీటర్లు దాటిన కందకంలోకి గోడలకు ఊతం లేకుండానో, వాలుగా చెక్కకుండానో ఎవరూ దిగకూడదు. ఒక ఘనపు మీటరు మట్టి ఒకటిన్నర టన్నులకు పైగా తూగుతుంది. ఛాతీ మీద అది పడిన మనిషి ముఖం బయటే ఉన్నా ఊపిరి తీసుకోలేడు. తవ్విన మట్టిని అంచుకు దూరంగా పోయాలని, వాన పడిన మరునాడు గోడలు చూడకుండా దిగకూడదని గుంత దగ్గరే నిలబడి చెప్పాలి. కరెంటు విషయంలో ఒక్క మాట: కటింగ్ మిషను తీసుకునే ముందు బోర్డులో, కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ట్రిప్పు స్విచ్చు టెస్టు బటన్ను నొక్కి, అది పడుతోందో లేదో చూడటం ప్రతి కూలీకి రావాలి.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం 500 మంది ఉన్న చోట భద్రతాధికారిని తప్పనిసరి చేసింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన 2020 నాటి వృత్తి భద్రతా కోడ్ ఆ సంఖ్యను 250కి తగ్గించింది. ప్రాణానికో ఒంటికో ముప్పు ఉందని తోచినప్పుడు యజమానికి చెప్పే హక్కు, యజమాని వెంటనే సరిదిద్దవలసిన బాధ్యత కూడా ఈ కోడ్‌లో ఉన్నాయి. ఈ హక్కు శిక్షణలో భాగం కావాలి. ఎవరికి చెప్పాలో ఆ మనిషిని పిలిచి చూపించాలి, చెప్పినందుకు కూలి కోయబోమని మేస్త్రీ ఎదుటే మాట ఇవ్వాలి.

[దృశ్యం: వారం తరువాత. ఏడో అంతస్తు. శిక్షకుడు ఒక కూలీ పక్కన నిలుచున్నాడు.]

శిక్షణ ఇచ్చిన ఏడో రోజున శిక్షకుడు పరంజా ఎక్కాలి. పని చేస్తున్న మనిషిని ఆపి, "భాయీ, ఇక్కడ జారితే నీ పాదాలు ఎంత కిందికి వెళతాయి?" అని అడగాలి. రిజిస్టరులో వేలిముద్ర పక్కన ఆ జవాబు కోసం ఒక గడి ఉండాలి. జవాబు తప్పితే ఆ మనిషిని అప్పటికప్పుడు కిందికి దించి, కూలి కోయకుండా, ఇసుక బస్తా దగ్గరికి మళ్ళీ తీసుకువెళ్ళాలి. ఒకే జట్టులో ముగ్గురి జవాబు తప్పితే ముందుగా ఆ మేస్త్రీని పిలవాలి.