ప్రోబ్ ఫెయిలైతే ముందు ఏది వదలాలె?

హోస్ట్: గచ్చిబౌలి, మాదాపూర్‌లల్ల లినక్స్ డ్రైవర్లు రాసేటోళ్ల కోసం ఈ ఎపిసోడ్. అన్నా, ప్రోబ్ అంటే డివైస్‌ను డ్రైవర్ మొదలువెట్టే ఫంక్షన్ సగంల ఫెయిలైతే, అప్పటిదాక తీసుకున్నవాటిని గోటూ లేబుళ్లతోని ఒక్కొక్కటి వెనక్కి విప్పుకుంట వస్తం. తీసుకున్నవాటిని కెర్నలే వదిలేసే డెవ్‌ఎం ఫంక్షన్లు వాడితే ఆ బాధ పోతది గదా?

అతిథి: మొత్తం మారిస్తే పోతది. సగం మార్చి వదిలేస్తే కొత్త బగ్ వస్తది. క్లాక్‌ను మామూలుగ ఎనేబుల్ చేసి, ఇంటరప్ట్‌ను మాత్రం డెవ్‌ఎంతోని తీసుకున్నరనుకో. తర్వాతి అడుగు ఫెయిలైంది, గోటూ పోయి క్లాక్ ఆపేసింది. కానీ డెవ్‌ఎం పట్టుకున్నవి వదిలేది ప్రోబ్ రిటర్న్ అయినంకనే. అప్పటిదాక ఇంటరప్ట్ వస్తే నడిచే హ్యాండ్లర్ ఫంక్షన్ రిజిస్టరయ్యే ఉంటది. ఆ సందుల ఇంటరప్ట్ వచ్చిందంటే హ్యాండ్లర్ క్లాక్ లేని హార్డ్‌వేర్ రిజిస్టర్ చదువుతది. కొన్ని ఆర్మ్ బోర్డులైతే అక్కడనే హ్యాంగ్.

హోస్ట్: మరి క్లాక్‌ను కూడా దానికే అప్పజెప్పాల్నా?

అతిథి: అవును, అదీ ఇంటరప్ట్ కంటే ముందు. డెవ్‌ఎం ఉల్టా వరుసల వదుల్తది, అందుకే ఇంటరప్ట్ పోయినంకనే క్లాక్ ఆగుతది. దేనికన్న డెవ్‌ఎం రూపం లేకుంటే, మీ క్లీనప్ ఫంక్షన్‌ను డెవ్‌ఎంకు అప్పజెప్పే డెవ్‌ఎం యాడ్ యాక్షన్ ఆర్ రీసెట్ వాడుర్రి. అది తనే ఫెయిలైతే ఆ క్లీనప్‌ను అప్పటికప్పుడు నడిపిస్తది. మళ్ల మీరు పిలిస్తే రెండుసార్లైతది. డివైస్‌ను తీసేటప్పుడు నడిచే రిమూవ్ ఫంక్షన్‌లున్న పాత క్లాక్ డిసేబుల్ లైన్ కూడ తీసెయ్యాలె, చాలా ప్యాచుల్లో మరిచిపోయేది అదే.

హోస్ట్: డివైస్ రిజిస్టర్ ఫంక్షన్ ఫెయిలైతే, మెమరీని నేరుగ విడిచే కేఫ్రీ సరిపోతదా?

అతిథి: సరిపోదు, పుట్ డివైస్ పిలవాలె. డివైస్‌ను ఎంతమంది వాడుతున్నరో లెక్కపెట్టే రిఫరెన్స్ కౌంట్ అప్పటికే మొదలైంది, దాన్ని తగ్గించేది పుట్ డివైస్. నేరుగ కేఫ్రీ చేస్తే డివైస్ పేరుకు తీసుకున్న మెమరీ లీకైతది.

హోస్ట్: ఫెయిలయ్యే ఈ దారులన్నీ నడిపి చూసుడెట్ల?

అతిథి: కావాలని తప్పులు పుట్టించే ఫాల్ట్ ఇంజెక్షన్, దాంట్ల మెమరీ అలొకేషన్లను ఫెయిల్ చేసే ఫెయిల్‌స్లాబ్, లీకులు పట్టే కేమెమ్‌లీక్, తప్పు మెమరీ వాడకాన్ని పట్టే కాసాన్ ఆన్ చేసి కెర్నల్ బిల్డ్ చెయ్యుర్రి. ఫెయిల్‌స్లాబ్‌ల ఇగ్నోర్ జీఎఫ్‌పీ వెయిట్ అనే సెట్టింగ్‌ను ఎన్, అంటే నో చెయ్యాలె. లేకుంటే ప్రోబ్‌ల వాడే మామూలు అలొకేషన్లు అసలు ఫెయిల్ కావు. చిన్న సీ ప్రోగ్రామ్ రాసి, ఎన్నో అలొకేషన్ ఫెయిల్ కావాల్నో చెప్పే తన త్రెడ్ ఫెయిల్ ఎన్‌త్ ఫైల్‌ల 1 రాసి, అదే త్రెడ్ నుంచి డ్రైవర్ బైండ్ ఫైల్‌ల డివైస్ పేరు రాయాలె, అప్పుడు ప్రోబ్ నడుస్తది. తర్వాత 2, 3, అట్ల పెంచుకుంట పోవాలె. బైండ్ సక్సెసైతే, మళ్ల మొదలుపెట్టే ముందు అన్‌బైండ్ చెయ్యాలె. ఫెయిల్ ఎన్‌త్‌ను తిరిగి చదివితే సున్నా రాలేదంటే ఫెయిల్ చెయ్యనీకి ఇంక అలొకేషన్లు మిగల్లేదు.

హోస్ట్: లీక్ ఎప్పుడు చూడాలె?

అతిథి: ఒక్కో రౌండ్ అయినంక 5 సెకన్లకు పైన ఆగి స్కాన్ చెయ్యుర్రి. అంతకంటే కొత్త అలొకేషన్లను కేమెమ్‌లీక్ రిపోర్ట్ చెయ్యదు.