ప్యూరిటన్ల ఊళ్లలో ఎవరిని వెలివేసేవారు?

(తెరపై: 1630ల నాటి బోస్టన్ రేఖాచిత్రం, నడుమ ప్రార్థనా మందిరం)

ఇంగ్లండు రాజ్యమతంతో పొసగని ప్యూరిటన్లు 1630లో జాన్ విన్‌త్రాప్ నాయకత్వాన అట్లాంటిక్ దాటి, మసాచుసెట్స్ తీరంలో బోస్టన్ వంటి ఊళ్లను నిలబెట్టారు. ఊరంతా కలిసి దేవునితో ఒడంబడిక చేసుకున్నదనీ, ఒక్కరు తప్పినా దైవాగ్రహం అందరినీ చుట్టుకుంటుందనీ వారు గట్టిగా నమ్మారు. కాబట్టి పొరుగింటి పాపాన్ని కనిపెట్టి ఉండటం వారి దృష్టిలో చాడీతనం కాదు, ధర్మం.

దినచర్య కూడా ఈ కాపలాకు అనువుగానే సాగేది. శనివారం పొద్దు గూకగానే విశ్రాంతి దినం మొదలయ్యేది. ఆదివారం రెండు పూటలా అందరూ మందిరానికి వచ్చి, తమ తమ హోదాకు తగిన చోట కూర్చుని, గంటల తరబడి ప్రసంగం వినాలి. రానివారికి 5 షిల్లింగుల దాకా జరిమానా గానీ, జైలు గానీ విధించవచ్చని 1635లో చట్టం చేశారు. పక్కనున్న కనెక్టికట్‌లోనైతే పెళ్లికాని, నౌకరు లేని యువకుడు ఊరి సమ్మతి లేకుండా వేరే ఇల్లు పెడితే వారానికి 20 షిల్లింగులు చెల్లించాలని 1637లో శాసించారు. ఒంటరితనమే అనుమానాస్పదమన్నమాట.

(తెరపై: బొండకొయ్య, తెల్లగుడ్డ మీద ఎర్రని అక్షరం)

తప్పు చేసినవారిని చాలావరకు ఊళ్లోనే ఉంచి సిగ్గుపరిచేవారు. రాబర్ట్ కోల్స్ తాగి పట్టుబడితే, ఆ తప్పును సూచించే ‘డి’ అనే ఎర్రని అక్షరాన్ని ఏడాదిపాటు మెడలో వేసుకుని తిరగాలని 1634లో తీర్పిచ్చారు. 1639లో బోస్టన్‌కు, నేరస్థుల కాళ్లు బిగించే బొండకొయ్య చేసిచ్చిన ఎడ్వర్డ్ పామర్ కూలికీ కలపకూ ఎక్కువ సొమ్ము అడిగాడని జరిమానా వేసి, ఒక గంట బొండలో కూర్చోబెట్టారు; ఇది కల్పన కాదు, న్యాయస్థానపు దస్త్రాల్లో ఉన్న సంగతే. అదే ఏడు సరుకులకు అధిక ధర గుంజాడని రాబర్ట్ కీన్ అనే సంపన్న వర్తకుడు చర్చి సంఘం ముందు కన్నీళ్లతో తప్పు ఒప్పుకోవలసి వచ్చింది. అతడు మళ్లీ పెద్దమనిషిగానే బతికాడు గానీ, ఆ అవమానం మాత్రం మనసులోంచి పోలేదు: 1653లో మొదలుపెట్టిన 158 పేజీల వీలునామాలో కూడా తనను తాను సమర్థించుకుంటూనే ఉన్నాడు.

తప్పు ఒప్పుకోనివారికి ఈ దారి మూసుకుపోయేది. బోధకులనే ప్రశ్నించిన ఆన్ హచిన్‌సన్‌ను 1637లో దేశ బహిష్కారం చేసి, మరుసటి ఏడు సంఘం నుంచి కూడా వెలివేశారు. వెళ్లగొట్టినా తిరిగి తిరిగి వచ్చిన క్వేకర్ అనే వేరే క్రైస్తవ శాఖకు చెందిన మేరీ డయ్యర్‌ను 1660లో ఉరితీశారు.

(తెరపై: సేలం గ్రామ పటం, 1692)

అయితే నమ్మకాల కోసం ఎదిరించినవారి కన్నా, ఏ ఆసరా లేనివారి కథే ఈ సమాజాన్ని బాగా చూపిస్తుందని నా అభిప్రాయం. 1692 ఫిబ్రవరి 29న మసాచుసెట్స్‌లోని సేలం గ్రామస్థుల్లో మంత్రగత్తెలన్న ఆరోపణతో మొదటగా వారంటు జారీ అయినది ముగ్గురి మీద: మతబోధకుని ఇంట్లో బానిసగా ఉన్న టిటూబా, తన నౌకరునే పెళ్లాడి మందిరానికి రావడం మానేసిన సారా ఆస్‌బర్న్, బిచ్చమెత్తుకునే సారా గుడ్. సారా గుడ్ నిజానికి కలిగిన సత్రం యజమాని కూతురు. తండ్రి పోయాక వాటా చేతికందక, మొదటి భర్త చేసిన అప్పులు మెడకు చుట్టుకుని, రెండో భర్త విలియం‌తో ఇల్లిల్లూ తిరిగే స్థితికి వచ్చింది. కొంతకాలం తలదాచుకోనిచ్చిన దంపతులు, ఆమె గయ్యాళితనం భరించలేక పంపేశామనీ, ఆ తరువాతే తమ పశువులు చచ్చాయనీ సాక్ష్యమిచ్చారు. గుమ్మాల దగ్గర ఏం గొణిగావని న్యాయాధికారులు నిలదీస్తే, బిడ్డకు పెట్టినందుకు కృతజ్ఞత చెప్పానన్నది. ఆమె మంత్రగత్తె అయినా అయి ఉంటుంది, లేదా త్వరలోనే అవుతుందని భర్తే అన్నాడు.

జులై 19న ఆమెను ఉరితీశారు. అంతకు ముందే చంటిబిడ్డ జైలులో చనిపోగా, నాలుగైదేళ్ల పెద్ద కూతురును నెలల తరబడి సంకెళ్లలో ఉంచారు. 1710లో పరిహారం కోరుతూ, ఆ పిల్లకు అప్పటినుంచీ బుద్ధి స్థిమితంగా లేదని విలియం గుడ్ విన్నవించుకున్నాడు. భార్యకు వ్యతిరేకంగా మాట్లాడిన ఆ భర్తకే ప్రభుత్వం 30 పౌన్లు మంజూరు చేసింది.