మా అమ్మ ఎక్కడికీ వెళ్ళదట

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలందరి పేర్లూ చెబితే నాకిచ్చిన సమయం అక్కడే అయిపోతుంది, నేరుగా విషయానికొస్తాను. జనాభా మారితే నగరంలో ప్రయాణాలు ఎలా మారతాయన్నది అంశం. రాసుకొచ్చింది పక్కన పెట్టి ముందు ఒకటి చెప్పాలి.

నా చిన్నప్పుడు మా ఇంటికి ప్రయాణాల సర్వే అని ఒకాయన వచ్చాడు. నాన్న ఆఫీసుకు ఏ బస్సు, ఎంతసేపు, అన్నీ రాసుకున్నాడు. అమ్మ సంగతి అడిగితే నాన్నే చెప్పేశారు, "ఆవిడ ఎక్కడికీ వెళ్ళదు" అని. ఆయన ఆ గడిలో అడ్డగీత గీసి వెళ్ళిపోయాడు. అదే రోజు పొద్దున అమ్మ నన్ను బడిలో దింపి, అటునుంచటే తాతయ్యని ఆస్పత్రిలో చూపించి, మందులు కొని, బ్యాంకులో నిలబడి, మళ్ళీ నాకోసం బడికొచ్చింది. రెండు బస్సులు, మిగతాదంతా నడక. ఆ అడ్డగీత నేనింకా మర్చిపోలేదండీ.

స్పెయిన్‌లో ఇనెస్ సాంచెజ్ దె మదరియాగ అనే నగర ప్రణాళికా నిపుణురాలు, ఇంట్లోవాళ్ళ కోసం చేసే ఇలాంటి ప్రయాణాలకు 'సంరక్షణ ప్రయాణాలు' అని పేరు పెట్టారు. సర్వేల్లో ఇవి షాపింగ్, ఇతర పనులు అంటూ ముక్కలైపోతాయి, ఒకచోట చేరిస్తే ఉద్యోగ ప్రయాణాలకు పెద్దగా తీసిపోవని ఆమె చూపించారు.

ఇప్పుడు ఇళ్ళు చిన్నవయ్యాయి. పదిమంది ఒకే ఇంట్లో ఉంటే ఒకరు మందుల షాపుకెళ్ళొస్తే సరిపోయేది, అదే పదిమంది నాలుగిళ్ళలో ఉంటే నలుగురు వెళ్ళాలి. జనం పెరగకపోయినా ప్రయాణాలు పెరుగుతాయి! ఆడవాళ్ళు ఉద్యోగాలకు వెళ్తున్నారు, బడి పని, ఆస్పత్రి పని తగ్గాయా? లేదు, ఆఫీసు దారికే ముడిపడ్డాయి. బస్సులు మాత్రం పొద్దున ఎక్కువ, సాయంత్రం ఎక్కువ. పదకొండింటికి స్టాపులో ఎవరు నిలబడి ఉంటారో ఒకసారి వెళ్ళి చూడండి.

పెద్దవాళ్ళ సంగతీ అంతే. ఇంగ్లండ్‌లో 65 దాటినవాళ్ళ నడక కొలిస్తే సగటున సెకనుకు మగవాళ్ళది 0.9 మీటర్లు, ఆడవాళ్ళది 0.8. రోడ్డు దాటడానికి అక్కడి సిగ్నళ్ళు లెక్కేసుకున్నది 1.2. సింగపూర్‌లో 2009 నుంచి పెద్దవాళ్ళు సిగ్నల్ స్తంభానికి తమ సీనియర్ సిటిజన్ కార్డు ఆనిస్తే రోడ్డు దాటేవాళ్ళ పచ్చలైటు ఇంకొన్ని సెకన్లు ఉంటుంది. ఎంత చిన్న పని! మా అమ్మ ఇప్పుడు నిజంగానే ఎక్కడికీ వెళ్ళడం లేదు, ఇంటి ముందు రోడ్డు దాటలేక.

ఇక్కడ సర్వే ఫారాలు తయారుచేసే పిల్లలున్నారట. బాబూ, తల్లీ, మీకే చెబుతున్నా. ఇంటి పెద్దని అడిగి వచ్చేయకండి. ఆడవాళ్ళని పిలిచి, నిన్న గుమ్మం దాటాక ఎక్కడెక్కడ ఆగారో ఒక్కొక్కటీ అడిగి రాసుకోండి, నడిచి వెళ్ళినవి కూడా.