పాట్‌లక్‌కి అన్నం లేని ట్రే: గుత్తి వంకాయ, కాలీఫ్లవర్ పులిహోర, మిరియాల కోడి వేపుడు

[దృశ్యం: పొడవాటి బల్ల మీద వరసగా అల్యూమినియం ట్రేలు. ఒక్కో మూతా తీస్తుంటే ఆవిరి.]

థాంక్స్‌గివింగ్ గురువారం. డాలస్ దగ్గర మా స్నేహితుల ఇంట్లో పన్నెండు కుటుంబాల పాట్‌లక్, అంటే ఎవరి వంటకం వాళ్ళు తెచ్చి అందరూ పంచుకునే విందు. బల్ల మీద ఏముందో చూడండి: బిర్యానీలు రెండు, పులిహోర, బగారా అన్నం, నూడుల్స్, గారెలు, డబుల్ కా మీఠా. టర్కీ కూడా ఉంది, దాని జోలికి ఎవరూ పోలేదనుకోండి.

అప్పుడు మా నాన్నగారు ఇక్కడే ఉన్నారు, ఆరు నెలలుండి వెళ్దామని వచ్చారు. ఆయనకి షుగర్ వచ్చి చాలా ఏళ్ళైంది. ప్లేటు పట్టుకుని బల్ల ఆ చివరిదాకా వెళ్ళి, నాలుగు కీరా ముక్కలు, రెండు చికెన్ 65 ముక్కలు వేసుకొచ్చి కూర్చున్నారు. ఆ 65కి ఉన్న పూత కూడా మైదా, కార్న్‌ఫ్లోరే.

అంతమంది వండారు, ఆయన కడుపు నిండా తినగలిగింది ఒక్కటీ లేదు. ఆ బిర్యానీల్లో ఒకటి నేను తెచ్చిందే!

[తెర మీద: ఒక కప్పులో కార్బ్స్ (పిండి పదార్థాలు). వండిన తెల్లన్నం 45 గ్రాములు. వండిన మిల్లెట్స్ 41. వండిన కినోవా 39. పచ్చి కాలీఫ్లవర్ 5.]

ముందు ఈ అంకెలు ఒకసారి చూడండి, సుమారు లెక్కలే. షుగర్ ఉన్నవాళ్ళ కోసమని మనవాళ్ళు చాలా ప్రేమగా మిల్లెట్ పులిహోర చేసి తెస్తారు. పీచు ఉంటుంది, మంచిదే. కానీ అది తక్కువ కార్బ్స్ వంటకం కాదు. అన్నానికీ దానికీ తేడా నాలుగు గ్రాములు. కినోవా కథా అంతే. ఇక బెల్లం వేశాం కదా, పంచదార కాదు కదా అనేవాళ్ళకి ఒకటే మాట: బెల్లం కూడా చక్కెరే.

మరేం తీసుకెళ్ళాలి? కార్బ్స్ బాగా తగ్గించి చేసే కొత్త కీటో వంటలేవీ నేర్చుకోనక్కర్లేదు. మన వేపుళ్ళు, కూరలు చాలావరకు తక్కువ కార్బ్స్‌వే. దుంపలు పక్కన పెట్టండి, అంతే. అసలు చిక్కు ఎక్కడుందంటే, మన కూర ఉప్పూకారం అన్నంలో కలుపుకోవడానికి సరిపడా ఉంటుంది. అదే కూర ఉత్తిగా తినమంటే రెండో ముద్దకే మంచినీళ్ళ కోసం చూస్తాం. అందుకే నేను పాట్‌లక్‌కి చేసేటప్పుడు మామూలుగా వేసే ఉప్పులో మూడో వంతు, కారంలో సగం తగ్గిస్తాను. గ్రేవీ ఉంచను. ఈ వీడియోలో ఇంకేం గుర్తులేకపోయినా ఇది గుర్తుంటే చాలు.

[దృశ్యం: నాలుగు పక్షాలుగా చీల్చిన గుండ్రటి చిన్న వంకాయలు, ఉప్పునీళ్ళలో.]

గుత్తి వంకాయ. ఇండియన్ స్టోర్‌లో దొరికే చిన్నవి, ఇరవై. కారానికి ఒక కప్పు పల్లీలు, పావు కప్పు నువ్వులు, పావు కప్పు ఎండుకొబ్బరి, ధనియాలు, జీలకర్ర, ఎండుమిర్చి. అన్నీ విడివిడిగా వేయించి, వెల్లుల్లి, ఉప్పు, చిన్న ఉసిరికాయంత చింతపండు వేసి బరకగా దంచుకోవాలి. బెల్లం వద్దు. కూరి, వెడల్పాటి మూకుడులో నూనె వేసి, మూతపెట్టి సన్నసెగ మీద తిప్పుతూ మగ్గనివ్వాలి. నీళ్ళు పోయకండి. కాడ తీసేయకండి, చేత్తో పట్టుకుని తినడానికి అదే పిడి. ముందురోజు చేస్తే ఇంకా బాగుంటుంది.

ఒక జాగ్రత్త. పల్లీలు, నువ్వులు పడని పిల్లలు ఇక్కడ చాలామంది. 2023 జనవరి నుంచి అమెరికాలో ప్యాకెట్ల మీద నువ్వుల్ని కూడా అలర్జీ పదార్థంగా రాసి తీరాలి. మన ట్రేకి ఎవరూ లేబుల్ అడగరు కాబట్టి మనమే ఒక చీటీ రాసి మూతకి అంటించాలి.

[దృశ్యం: బేకింగ్ షీట్ మీద పల్చగా పరిచిన కాలీఫ్లవర్ రవ్వ.]

ఇప్పుడు కాలీఫ్లవర్ పులిహోర. ఇది అన్నంలానే ఉంటుందని చెప్పేవాళ్ళని నమ్మకండి. ఉండదు. కానీ పులిహోర రుచి అన్నంలో ఎంతుందో పోపులో అంతకంటే ఎక్కువే ఉంది కదా, ఆ ధైర్యంతోనే చేస్తాను.

మొదటిసారి చేసినప్పుడు నాది ముద్దైపోయింది. రవ్వ చేసి, ఉప్పేసి, మూతపెట్టి ఉడికించాను. ఉప్పు పడగానే కాలీఫ్లవర్ నీరు వదులుతుంది. మూత ఉంటే ఆ నీరు ఎటూ పోదు. ఇంకేముంది, ఉప్మా అయింది. ఇప్పుడిలా చేస్తున్నాను: రెండు పూలు రవ్వలా తురిమి, తడి లేకుండా గుడ్డతో ఒత్తి, కాస్త నూనె, పసుపు పట్టించి, రెండు షీట్ల మీద పల్చగా పరిచి, 425 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో ఇరవై నిమిషాలు. మధ్యలో ఒకసారి కలపాలి. అంచులు అక్కడక్కడా ఎర్రబడితే తీసేయొచ్చు. ఫ్రోజెన్ రవ్వ వాడితే ఇంకో పది నిమిషాలు పడుతుంది. దాన్ని కరగనివ్వకుండా గడ్డగానే షీట్ మీద వేయండి.

పూర్తిగా చల్లారాక పోపు. నూనె కొంచెం ధారాళంగానే. ఆవాలు, చెంచాడు శనగపప్పు, చెంచాడు మినప్పప్పు, గుప్పెడు పల్లీలు, ఎండుమిర్చి, పచ్చిమిర్చి, ఇంగువ, కరివేపాకు రెండు రెమ్మలు. పప్పుల్లో కార్బ్స్ లేవా అంటే ఉన్నాయి, కానీ రెండు చెంచాలు ట్రే మొత్తానికి పంచుకుంటే ఒక్కొక్కరికీ వచ్చేదెంత? చింతపండు గుజ్జు వేస్తే మళ్ళీ తడి, అందుకని నిమ్మరసం. అది స్టవ్ ఆపాకే, లేకపోతే చేదెక్కుతుంది. ఉప్పు మటుకు బయల్దేరే ముందే.

[దృశ్యం: ఇనుప మూకుడులో కోడి వేపుడు. పైన కరివేపాకు చిటపట.]

కోడి వేపుడుకి నేను ఎముకలేని తొడ ముక్కలే తీసుకుంటాను, మూడు పౌన్లు. ఎముకతో రుచి ఎక్కువని నాకూ తెలుసు. కానీ ఒక చేతిలో పేపర్ ప్లేటు, ఇంకో చేతిలో గ్లాసు, పక్కన పిల్లాడు... ఆ ఎముకలు ఎక్కడ పెడతారు? పసుపు, ఉప్పు, అల్లం వెల్లుల్లి పట్టించి, ముక్కలు వదిలిన నీళ్ళలోనే ఉడకనిచ్చి, నీరు ఇగిరాక నూనెలో ఎర్రగా వేయించి, చివర్లో బరకగా దంచిన మిరియాలు. పిండి పూత ఏదీ వద్దు. అక్కడికెళ్ళాక వేడి చేస్తే లోపల 165 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి రావాలి. అన్నట్టు, అమెరికా వ్యవసాయ శాఖ చెప్పేది, ఏ వంటకమైనా బయట రెండు గంటలకి మించి ఉంచొద్దని. వేడివి 140 డిగ్రీల పైన, చల్లనివి 40 లోపల ఉండాలి. మన పాట్‌లక్‌లు అయిదు గంటలు సాగుతాయి. స్లో కుక్కర్‌ని వార్మ్‌లో పెట్టుకోండి.

టైము లేదంటారా? డజను గుడ్లు ఉడికించి, సగానికి కోసి, పైన నెయ్యి చుక్క, కొబ్బరి వెల్లుల్లి కారం చల్లేయండి. ఒక్కో గుడ్డులో ఒక గ్రాము కార్బ్స్ కూడా ఉండవు. అమెరికన్ల పండగ బల్ల మీద డెవిల్డ్ ఎగ్స్ (పచ్చసొన మసాలా కలిపి మళ్ళీ నింపిన ఉడికించిన గుడ్లు) ఉంటాయిగా, వాటి పక్కన మనవి. ముందు ఖాళీ అయ్యేది ఏదో మీరే చూడండి.

స్వీట్లు? నేను చేయను. ఎవరో ఒకరు తెస్తారు.

ఇంకొకటి. ఇన్సులిన్ గానీ, షుగర్ బాగా తగ్గించే మాత్రలు గానీ వాడేవాళ్ళు ఉన్నట్టుండి అన్నం పూర్తిగా మానేస్తే షుగర్ మరీ పడిపోవచ్చు. మాత్రల సంగతి డాక్టర్‌ని అడిగాకే.

[దృశ్యం: అదే బల్ల, మరుసటి ఏడాది. చివర్లో మూడు ట్రేలు, మూతల మీద చీటీలు.]

తర్వాతి ఏడాది నాన్నగారు మళ్ళీ వచ్చారు. నా మూడు ట్రేల్లోంచీ నిండుగా పెట్టుకున్నారు. వంకాయలే నాలుగు తిన్నారు. తర్వాత నెమ్మదిగా లేచి, ఎవరో తెచ్చిన అసలు పులిహోర ఒక్క చెంచా వేసుకుంటూ నావైపు చూసి అన్నారు:

"ప్రసాదం అనుకోవమ్మా."