పెళ్ళిపత్రికలు తెరుచుకుంటాయా? లైనక్స్‌పై ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. ఒడిశాలోని గజపతి, రాయగడ, గంజాం, కొరాపుట్ జిల్లాల తెలుగువారి కోసం ఈ సాయంత్రం కంప్యూటర్ సలహాల కార్యక్రమం. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. పాత యంత్రాన్ని తీసేయాలా, విండోస్ బదులు లైనక్స్ అనే ఉచిత సిస్టమ్ వేసుకోవచ్చా అని చాలామంది అడుగుతున్నారు. రాయగడలో ఏళ్ళ తరబడి కంప్యూటర్లు బాగుచేస్తూ, పిల్లలకు నేర్పుతున్న మాస్టారు మనతో ఉన్నారు. మొదటి ఫోను పర్లాకిమిడి నుంచి. చెప్పండమ్మా.

శ్రోత (పర్లాకిమిడి): నమస్కారమండీ. మాకు బస్టాండు దగ్గర చిన్న డీటీపీ, జిరాక్స్ దుకాణం ఉంది. తెలుగు పెళ్ళిపత్రికలు, ఒడియా దరఖాస్తులు, ఏవి వస్తే అవి చేస్తాం. కంప్యూటర్ 2016లో కొన్నది. దానికి విండోస్ 11 ఎక్కదన్నారు. లైనక్స్ వేసుకోమని మా తమ్ముడి పోరు. నా భయం ఒక్కటేనండీ. పదిహేనేళ్ళ పత్రికలు అందులో ఉన్నాయి. అవి తెరుచుకుంటాయా?

నిపుణుడు: అడగవలసిన మొదటి ప్రశ్న అదేనమ్మా. ఏ సిస్టమ్ గొప్పదన్న వాదన మనకు తిండి పెట్టదు. నిన్నటి ఫైలు రేపు తెరుచుకోవాలి, అంతే. ముందు మీ యంత్రం సంగతి. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం నుంచి ప్రాసెసర్ ఉండాలి. 2016 యంత్రంలో అంత కొత్త ప్రాసెసర్ ఉండదు. అంతమాత్రాన అది పనికిరానిది కాదు. మెమరీ ఎంత?

శ్రోత: 4 జీబీ అని మా తమ్ముడు చెప్పాడు.

నిపుణుడు: 8 చేయించండి. పాత హార్డ్‌డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టించండి. లైనక్స్‌లో ఒక రకమైన లైనక్స్ మింట్ హాయిగా నడుస్తుంది. ఇక పత్రికలు. ఏ సాఫ్ట్‌వేర్‌లో కడతారు?

శ్రోత: పేజ్‌మేకర్. ఫాంట్లు పాత డీటీపీ ఫాంట్లేనండీ.

నిపుణుడు: అయితే మీ దగ్గర రెండు ముడులున్నాయి. మొదటిది సాఫ్ట్‌వేర్. మీ పేజ్‌మేకర్ విండోస్ కోసం రాసింది. చివరి వెర్షన్ 2001లో వచ్చింది. అలాంటి వాటి కోసం లైనక్స్‌లో వైన్ అనే ఏర్పాటు ఉంది. దాని పని దుబాసీ పని. మన రాయగడ సంతలో కుయి మాట్లాడే అమ్మకు, తెలుగు వ్యాపారికి మధ్య ఒకరు నిలబడి ఇటు మాట అటు, అటు మాట ఇటు చెబుతారు చూడండి, అలాగే. "ఈ ఫైలు తెరువు, ఇక్కడ గీత గియ్యి" అని పేజ్‌మేకర్ విండోస్ భాషలో అడుగుతుంది. వైన్ ఆ మాట అందుకుని లైనక్స్‌తో చేయిస్తుంది. లోపల మరో విండోస్ నడవదు, అందుకే యంత్రం మీద పెద్ద భారం పడదు. 1993 నుంచి ఎంతోమంది కూర్చుని విండోస్ అడిగే ఒక్కొక్క ప్రశ్నకూ జవాబు రాస్తూ వచ్చారు. ఆ శ్రమను తలచుకుంటే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

వ్యాఖ్యాత: అంటే పాతవే బాగా నడుస్తాయా, మాస్టారూ?

నిపుణుడు: తరచుగా అంతే. పాత ప్రోగ్రాములు అడిగే ప్రశ్నలు తక్కువ, వాటికి జవాబులు ఎప్పుడో దొరికాయి. 16 బిట్ల కాలం నాటి ప్రోగ్రాములను ఇప్పటి 64 బిట్ల విండోస్ అసలు నడపదు. వైన్ వాటికి కూడా దారి ఉంచింది. అయినా అమ్మా, మీ యంత్రం మీద నడిపి చూసేదాకా నా మాట మీద ఆధారపడకండి.

శ్రోత: రెండో ముడి ఏమిటండీ?

నిపుణుడు: అక్షరాలు. ఇది లైనక్స్ వేసిన ముడి కాదు, దానికి ముందు నుంచే ఉంది. మీ పాత ఫాంట్‌లో "క" టైపు చేశారనుకోండి. అది "క" అని కంప్యూటర్‌కు తెలియదు. ఏదో ఇంగ్లీషు అక్షరమో, గుర్తో అనుకుంటుంది. ఆ గుర్తు స్థానంలో "క" బొమ్మ గీసేది ఫాంట్. ఫాంట్ పోతే తెలుగు పోయినట్టే. ఒడియా పాత ఫాంట్లదీ ఇదే కథ. లిబ్రెఆఫీస్ అనే ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లోని డ్రా పేజ్‌మేకర్ ఫైళ్ళను తెరవగలదు, కానీ ఆ బొమ్మల్ని అక్షరాలుగా మార్చలేదు. యూనికోడ్ అనే కొత్త పద్ధతిలో అలా కాదు, ప్రతి తెలుగు అక్షరానికీ దాని సొంత సంఖ్య ఉంది. ఏ యంత్రంలో తెరిచినా "క" అంటే "క"యే. మీకు ఒక పని చెబుతాను. ఇప్పుడే ఒక పాత పత్రిక నకలు తీసుకుని తెరవండి. ఒక వాక్యం ఎంచుకుని ఫాంట్ ఏరియల్ చేయండి. ఏమి కనబడిందో ఫోను చేసి చెప్పండి.

శ్రోత: దుకాణంలోనే ఉన్నానండీ. చూసి చేస్తాను.

వ్యాఖ్యాత: తర్వాతి శ్రోత రాయగడ నుంచి.

శ్రోత (రాయగడ): నమస్తే సార్. నేను ధాన్యం వ్యాపారి దగ్గర లెక్కలు రాస్తాను. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్, డిజిటల్ సంతకం టోకెన్, ఈ రెండే నా పని. లైనక్స్‌కు మారమంటారా?

నిపుణుడు: వద్దు బాబూ. ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవారు లైనక్స్‌కు ఇవ్వకపోతే, వైన్‌లో ఈ నెల నడిచింది వచ్చే నెల సవరణ తర్వాత ఆగిపోవచ్చు. నెలవారీ జీఎస్టీ రిటర్ను 20వ తేదీలోగా వెళ్ళాలి. 19 రాత్రి మీరు దుబాసీతో తగవు పడకూడదు. టోకెన్ అమ్మినవారిని లైనక్స్ డ్రైవర్ ఉందా అని అడగండి. బ్రౌజర్‌లో నడిచే లెక్కల సాఫ్ట్‌వేర్‌కు మీ యజమాని ఒప్పుకుంటే అప్పుడు మళ్ళీ ఆలోచిద్దాం. లైనక్స్‌ను ఇష్టపడేవాణ్ణి కాబట్టే మిమ్మల్ని వద్దంటున్నాను. ఒకసారి రిటర్ను ఆగితే ఆ వీధిలో మరెవరూ లైనక్స్ పేరెత్తరు.

వ్యాఖ్యాత: బరంపురం నుంచి ఒక విద్యార్థి.

శ్రోత (బరంపురం): సార్, నాకు ఆటలు ముఖ్యం. లైనక్స్‌లో ఆడవచ్చా?

నిపుణుడు: చాలావరకు ఆడవచ్చు. వాల్వ్ కంపెనీ 2018 ఆగస్టులో విండోస్ ఆటలను లైనక్స్‌లో నడిపే ప్రోటాన్ తెచ్చింది. అది వైన్ మీద కట్టినదే. ఆ కంపెనీ పెట్టిన డబ్బు, మనుషుల వల్ల వైన్ కూడా బలపడింది. అయితే మోసాన్ని పట్టుకోవడానికి సిస్టమ్ లోతుల్లోకి దిగే కాపలా ఉన్న కొన్ని ఆన్‌లైన్ ఆటలు నడవవు. నువ్వు ఆడేది అలాంటిదేమో ముందు చూసుకో నాన్నా.

వ్యాఖ్యాత: గుణుపురం వైపు నుంచి ఒక ఉపాధ్యాయులు.

శ్రోత (గుణుపురం): నమస్కారం మాస్టారూ. మా బడికి పాత కంప్యూటర్లు ఆరు ఇచ్చారు. పై నుంచి వచ్చే పాఠాలు వర్డ్, పవర్‌పాయింట్ ఫైళ్ళు. ఒకసారి లిబ్రెఆఫీస్‌లో ప్రశ్నపత్రం తెరిస్తే రెండు పేజీలది మూడు పేజీలకు పాకింది.

నిపుణుడు: సాధారణంగా అది ఫాంట్ వల్ల. వర్డ్‌లో చాలా ఏళ్ళు కాలిబ్రి ఫాంటే ముందుగా ఉండేది. అది మీ లైనక్స్‌లో ఉండదు కాబట్టి వెడల్పు వేరే ఉన్న ఫాంట్ వచ్చి కూర్చుంటుంది, పంక్తులు జరిగిపోతాయి. కార్లిటో అనే ఫాంట్ వేయండి. దాని అక్షరాల వెడల్పు కాలిబ్రి కొలతలతోనే చేశారు. ఏరియల్, టైమ్స్ న్యూ రోమన్‌లకు లిబరేషన్ ఫాంట్లు అలాగే సరిపోతాయి. కొలత కుదిరితే పంక్తి విరగదు. చదివి అచ్చు వేయడానికే అయితే పీడీఎఫ్ పంపమని అడగండి. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో ఏళ్ళుగా లైనక్స్ మీదే నేర్పుతున్నారు, మన పిల్లలకు అది బరువేమీ కాదు.

శ్రోత: ఇంకొకటి అడగాలి. మా పిల్లల్లో సగం మంది సవరలు. వాళ్ళ లిపిలో పేర్లు రాయించాలని నా కోరిక.

నిపుణుడు: ఎంత మంచి మాట అడిగారు మాస్టారూ! సవర భాషకు సొరాంగ్ సొంపెంగ్ అనే లిపిని 1936లో మంగేయి గొమాంగో రూపొందించారు. 2012లో అది యూనికోడ్‌లో చేరింది. నోటో ఫాంట్లలో దానికి ఒకటి ఉంది, ఉచితం. ఒకసారి వేస్తే బ్రౌజర్‌లో, లిబ్రెఆఫీస్‌లో ఆ అక్షరాలు కనబడతాయి. తెలుగు పండితుడైన గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉంటూ సవర నేర్చుకుని నిఘంటువు, వ్యాకరణం రాశారు. ఆ భాషను ఇప్పుడు ఆ పిల్లలే కంప్యూటర్ తెర మీద రాయవచ్చు. మొదటి రోజు ఒక్కొక్కరి చేత వాళ్ళ పేరు రాయించి గోడకు అంటించండి.

వ్యాఖ్యాత: పర్లాకిమిడి అమ్మగారు మళ్ళీ వచ్చారు.

శ్రోత (పర్లాకిమిడి): చూశానండీ. 2011 నాటి మా చెల్లెలి పెళ్ళిపత్రిక తెరిచాను. "చిరంజీవి సౌభాగ్యవతి" ఉన్నచోట డాలరు గుర్తు, బ్రాకెట్లు, ఇంగ్లీషు ముక్కలు. గుండె గుభేలుమంది.

నిపుణుడు: సేవ్ చేయకుండా మూసేయండి, ఏమీ కాదు. పాత ఫైళ్ళు మొత్తం ఎన్ని?

శ్రోత: నాలుగు వేలు ఉంటాయి.

నిపుణుడు: వాటిలో మళ్ళీ మళ్ళీ వాడేవి? శ్లోకాలు, ముహూర్తం వాక్యాలు, ఆహ్వానం నమూనాలు?

శ్రోత: ముప్పయి, నలభై.

నిపుణుడు: ఆ నలభైనే యూనికోడ్‌లోకి మార్చండి. మార్చే సాధనాలు ఉన్నాయి, కానీ వత్తులు, అంకెలు కంటితో సరిచూడాలి. మిగతావన్నీ ఇప్పటి కంప్యూటర్‌లోనే పీడీఎఫ్ చేసి దాచండి. కొత్త పత్రికలు స్క్రైబస్ అనే ఉచిత డీటీపీ సాఫ్ట్‌వేర్‌లో కట్టండి. టైపింగుకు ఏ కీబోర్డు అలవాటు?

శ్రోత: యాపిల్. వేళ్ళు దానికే పడిపోయాయి.

నిపుణుడు: లైనక్స్‌లో ఐబస్ అనే టైపింగు ఏర్పాటుకు ఎం17ఎన్ అనే భాగం కలిపితే తెలుగు యాపిల్ కీబోర్డు వస్తుంది. కొద్ది తేడాలుంటాయి, వారంలో సర్దుకుంటాయి. పత్రికలకు మండలి, రామభద్ర, సురవరం, గిడుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి.

శ్రోత: గిడుగు అంటే మా ఊళ్ళో ఉన్న పంతులుగారేనా!

నిపుణుడు: ఆయన పేరే. ముందు ఏదీ చెరపకండి. మింట్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, అక్కడి నుంచే కంప్యూటర్ నడపండి. హార్డ్‌డిస్కు జోలికి పోనక్కరలేదు. మీ ప్రింటర్‌తో ఒక కాగితం వేసి చూడండి. కొన్ని లేజర్ ప్రింటర్లు విండోస్‌తో తప్ప సరిగా పలకవు, అది ముందే తెలియాలి. చెల్లెలి పేరేమిటమ్మా?

శ్రోత: లక్ష్మి అండీ.

నిపుణుడు: మంచి పేరు దొరికింది. "క్ష" కింద "మ" వత్తు, పైన గుడి. పెన్‌డ్రైవ్ పెట్టగానే గిడుగు ఫాంట్‌లో ఆ పేరు పెద్దగా టైపు చేసి అచ్చు వేయండి. వత్తు దాని చోట కూర్చుందో లేదో వచ్చే వారం ఫోను చేసి చెప్పండి.